మూడు ముక్కలు, పదమూడు ముక్కలు

1963 మే 4న సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. లోపల కొంతమంది డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. ఆడుతున్నవాళ్ళ మీదా, క్లబ్బు నడిపేవాళ్ళ మీదా కేసు పెట్టారు. అప్పటికి అక్కడ అమల్లో ఉన్నది నిజాం కాలపు హైదరాబాద్ జూద చట్టం, ఫసలీ 1305 నాటిది. మెజిస్ట్రేట్ శిక్ష వేశాడు, హైకోర్టు దాన్ని కొట్టేసింది. రాష్ట్ర ప్రభుత్వం ఊరుకోకుండా సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ హిదాయతుల్లా. ఇంకో మూడు నెలలకి ఆయనే దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు.

లా చదవనివాళ్ళకి కూడా ఈ తీర్పు సారాంశం తెలుసు, ఎక్కడ విన్నారో గుర్తు లేకపోయినా సరే. రమ్మీ నేర్పు మీద నడిచే ఆట, పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదు. కోర్టు ఈ సంగతిని మూడు ముక్కలాటతో పోల్చి చెప్పింది. మూడు ముక్కలాటలో చేతికొచ్చిందే వచ్చింది. పదమూడు ముక్కలాటలో ఎవరు ఏ ముక్క కొట్టారో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవాలి. పేక కలిపి పంచడంలో అదృష్టం ఉన్నమాట నిజమే, కానీ అది బ్రిడ్జి ఆటలోనూ ఉంది కదా, అన్నారు.

నేను ఆటల పిచ్చివాణ్ణి. బోర్డు ఆటలు, వీడియో గేములు, టీవీ ముందు కూర్చుని క్విజ్ ప్రోగ్రాములకి గట్టిగా జవాబులు అరవడం, అన్నీ ఉన్నాయి. ఆ లెక్కన ఈ తీర్పు నాకు ఒక ఆటగాడు రాసినట్టే కనిపిస్తుంది. పేకాట తెలిసినవాళ్ళెవరూ అందులో తప్పు పట్టలేరు. నాకున్న పేచీ తీర్పుతో కాదు, మనం దాన్ని గుర్తుపెట్టుకున్న తీరుతో. అందులో ఇంకో సగం ఉంది. దాని దగ్గరికి రావాలంటే కొంచెం చుట్టు తిరిగి రావాలి.

అరుగు మీద గీసిన ఆటలు

మాది కనిగిరి. తర్వాత ప్రకాశంలో చేరింది గానీ 1970లో ఆ జిల్లా ఏర్పడేదాకా మాది నెల్లూరు జిల్లాలో ఒక తాలూకా. మెట్ట నేల, వానే దిక్కు. ఎండాకాలం మధ్యాహ్నాలు బయటికి పోయే పని ఉండదు. అరుగు మీద సుద్దముక్కతోనో బొగ్గుతోనో గీసుకున్న ఆటలతోనే పొద్దు గడిచేది. పెద్దయ్యాక ఆలోచిస్తే, సుప్రీంకోర్టు అడిగిన ప్రశ్నకి సంబంధించిన కొలబద్ద మొత్తం ఆ అరుగు మీదే ఉందనిపిస్తుంది.

ఒక చివర వైకుంఠపాళి. ఇందులో నేర్పు సున్నా. గవ్వలు ఎంత చెబితే అంత, ఎంచుకోవడానికి ఏమీ లేదు. అందుకే అది ధర్మబోధకి పనికొచ్చింది. నిచ్చెనల మొదట్లో పుణ్యాలు, పాముల తలల దగ్గర రాక్షసుల పేర్లు. పై వరుసలదాకా పాక్కుంటూ వెళ్ళినవాణ్ణి మింగి కిందకి దించే అరుకాసురుడనే పెద్ద పాము. ఇలాంటివే 18వ శతాబ్దపు జైన పటాలు జ్ఞాన్ చౌపర్ పేరుతో ఉన్నాయి. 1890ల నాటికి ఇంగ్లండులో ఇదే ఆట పాములూ నిచ్చెనల పేరుతో పిల్లల బొమ్మల దుకాణంలోకి చేరింది. వైకుంఠం పోయి 100 అనే అంకె మిగిలింది.

ఇంకో చివర పులి-మేక. 3 పులులు, 15 మేకలు, గీతలు కలిసేచోట 23 స్థానాలు. ఇందులో గవ్వలూ లేవు, పాచికలూ లేవు. అదృష్టానికి చోటే లేదు. పులి మేక మీదుగా దూకి చంపుతుంది, మేకలన్నీ కలిసి పులిని కదలకుండా కట్టేస్తాయి. రెండు పక్షాలకీ బలాలు వేరు, గెలుపు వేరు. ఇప్పుడు బోర్డు ఆటల కెఫేలలో ‘అసమాన పక్షాల ఆట’ అని గొప్పగా చెబుతుంటారే, అది ఇదే. నేపాల్‌లో దీని చుట్టం ఒకటుంది, బాఘ్‌చాల్ అని. అక్కడ 4 పులులు, 20 మేకలు.

ఈ రెండింటి మధ్యలో అష్టాచెమ్మా. 5 గళ్ళు నిలువు, 5 గళ్ళు అడ్డం. బయటి వరుసలో 16 గళ్ళు, లోపలి వరుసలో 8, నడిమధ్యన పండు గడి. 4 గవ్వలు, గవ్వలు లేని ఇళ్ళలో ఒకవైపు అరగదీసిన చింతగింజలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. గవ్వ ఎటుపడటానికైనా సమాన అవకాశం ఉందనుకుంటే, అష్టా పడే అవకాశం 16లో 1, చెమ్మాకీ అంతే. రెండు పడే అవకాశం 16లో 6. సగటున ఒక వేతకి రెండున్నర గళ్ళు. ఈ లెక్కలు ఎవరూ వేసుకోకపోయినా, వెనక మూడు గళ్ళ దూరంలో శత్రువు కాయ ఉంటే అక్కడ నిలబడకూడదని మా అమ్మమ్మకి తెలుసు. ఏ కాయ జరపాలో ఎంచుకోవడం నేర్పు. ఎంత పడుతుందన్నది అదృష్టం.

ఎనిమిదేళ్ళ పిల్లాడు పులి-మేకలో అమ్మమ్మని గెలవలేడు. అష్టాచెమ్మాలో గెలుస్తాడు, నాలుగింట ఒకసారైనా. అమ్మమ్మా మనవడూ ఒకే పటం దగ్గర గంటసేపు కూర్చోగలగడానికి కారణం ఆ నాలుగు గవ్వలే. బోర్డు ఆటల అభిమానుల్లో అదృష్టాన్ని చిన్నచూపు చూడటం ఒక అలవాటు. చదరంగం గొప్పది, పాచికలు పిల్లలాట, ఇలా. నేను ఒప్పుకోను. ఆటలో అదృష్టం కలపడం కూరలో ఉప్పు వేయడంలాంటిది, ఎంత అన్నదే ప్రశ్న. 1995లో క్లాస్ టాయ్‌బర్ చేసిన కటాన్ ప్రపంచమంతా ఆడుతున్నారంటే, అందులో ఊళ్ళు ఎక్కడ కట్టాలన్నది నేర్పు, రెండు పాచికలు ఏం చెబుతాయన్నది అదృష్టం, రెండూ సరిపాళ్ళలో కలిశాయి కాబట్టే.

అరుగు మీద ఆటలన్నిటికీ ఉమ్మడి లక్షణం ఇంకొకటుంది. అప్పట్లో అది లక్షణమని తోచదు. ఓడిపోతే ఎవరికీ ఏమీ రాదు. పటం గీసిన సుద్దముక్కకి వాటా లేదు.

కోడికి శాస్త్రం

మా ఉత్తరాన పల్నాడు. అక్కడి వీరకథ మొత్తం ఒక కోడిపందెం మీద మలుపు తిరుగుతుంది. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచిపోవాలన్నది పందెం. బ్రహ్మనాయుడి పక్షం ఓడింది, మాచర్లవాళ్ళు వలసపోయారు, చివరికి కారెంపూడి యుద్ధం. కథ విన్నవాళ్ళెవరూ అక్కడ ‘పాపం, అదృష్టం’ అని ఊరుకోరు. నాగమ్మ మాయోపాయం చేసిందంటారు. ఓటమికి ఒక మనిషి చెయ్యి కనబడితేగానీ మనకి మనసు కుదుటపడదు.

ఈ అవసరంలోంచే కుక్కుట శాస్త్రం పుట్టిందనుకుంటాను. తెలుగునేల మీద కోడిపందాలవాళ్ళు ఇప్పటికీ తిరగేసే పుస్తకమిది. ఈకల రంగును బట్టి కోళ్ళకి డేగ, కాకి, నెమలి అంటూ పేర్లు. ఏ నక్షత్రం రోజున, ఏ జామున ఏ రంగు కోడి ఏ రంగు కోడి మీద గెలుస్తుందో పట్టికలు. నా బోటి ప్రోగ్రామర్ చూస్తే మొదట నవ్వొస్తుంది, తర్వాత కాస్త గౌరవం కూడా కలుగుతుంది. ఎందుకంటే అది లుక్-అప్ టేబుల్. లోపలికి తిథి, నక్షత్రం, రంగు పంపిస్తే బయటికి గెలుపో ఓటమో వస్తుంది. పని చెయ్యదు, అంతే తేడా.

కానీ ఆ పట్టిక చేసే అసలు పని వేరు. పందెం కాసేవాణ్ణి అది ‘విద్య తెలిసినవాడు’గా మారుస్తుంది. ఓడిపోతే కోడి ఓడలేదు, నేను జాము తప్పు లెక్కేశాను. వచ్చే సంక్రాంతికి సరిగ్గా లెక్కేస్తాను. ఓటమి ఇలా పాఠంగా మారిపోతుంది. పాఠం నేర్చుకున్నవాడు మళ్ళీ బరికి వస్తాడు. పూర్తిగా అదృష్టమేనని నమ్మినవాడు ఒకటి రెండుసార్లకి విసుగెత్తి మానేసే వీలుంది. నేర్పు ఉందని నమ్మినవాడికి మానేయడమంటే ఓటమిని ఒప్పుకోవడమే.

తానిచెట్టు కింద

జూదం గురించి మనకి తెలిసిన పెద్ద కథ భారతంలోది. దాన్నీ మనం మోసం కథగానే గుర్తుపెట్టుకున్నాం. 1966లో వచ్చిన ‘శ్రీకృష్ణ పాండవీయం’లో ధూళిపాళ శకునిగా చేసిన తర్వాత, తండ్రి ఎముకలతో చేసిన పాచికలు శకుని మాట వింటాయన్నది తెలుగిళ్ళలో పురాణసత్యమైపోయింది. 1988 అక్టోబరు నుంచి ఆదివారాలు దూరదర్శన్‌లో బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ చూసిన తరం ముందు గూఫీ పెయింటల్ పాచికలు అరచేతుల మధ్య రుద్దుతుంటే, మాట వినే పాచికలన్న నమ్మకం ఇంకా గట్టిపడింది.

వ్యాసభారతంలో ఎముకల కథ లేదు. శకుని మోసంతో ఆడాడని కవి అంటాడు గానీ, ఎలా చేశాడో చెప్పడు. ఆటకి ముందు శకుని దుర్యోధనుడితో చెప్పే కారణం మాత్రం చాలా మామూలుది: ధర్మరాజుకి జూదమంటే ఇష్టం, ఆడటం రాదు. అంటే ఈ ఆట శకుని దృష్టిలో నేర్పుతో ఆడేది. సుప్రీంకోర్టు భాషలో అయితే అది నిషేధం కిందకి రాకపోవచ్చు కూడా!

ఆ సభలో ఇంకో ఇద్దర్ని చూడండి. పందెం ఒడ్డేది దుర్యోధనుడు, పాచిక వేసేది శకుని. ఒకరి బదులు ఇంకొకరు ఆడటం న్యాయంగా లేదని ధర్మరాజు అక్కడే అంటాడు, అని కూర్చుంటాడు. ఇక సభ కట్టించింది, ఆటకి పిలిపించింది ధృతరాష్ట్రుడు. ఆయన పాచిక ముట్టడు. గెలిచామా, గెలిచామా అని మాత్రం అడుగుతూ ఉంటాడు. ఆటలో లేకుండా ఆట ఫలితం మీద ఆశ పెట్టుకున్న ఇంటి యజమాని. నాకు భారతంలో ఆ సన్నివేశంలో భయం వేసేది శకునిని చూసి కాదు, ఈయన్ని చూసి.

అరణ్యపర్వంలో దీనికి జవాబులాంటి కథ ఉంది, నన్నయ తెలుగులో చెప్పిన నలుడి కథ. నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకుంటాడు, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరతాడు. ఒకసారి రథం మీద పోతుంటే ఋతుపర్ణుడు దారిలో ఒక తానిచెట్టును చూసి ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు. నలుడు నమ్మక, రథం ఆపి లెక్కపెడతాడు, సరిపోతుంది. ఈ విద్యే అక్షహృదయమంటాడు ఋతుపర్ణుడు. త్రిఫల చూర్ణంలో పడే ఆ తానికాయలే వేదకాలంలో పాచికలు, కాబట్టి చెట్టు ఎంపిక యాదృచ్ఛికం కాదు. తత్వవేత్త ఇయాన్ హాకింగ్ 1975లో సంభావ్యత చరిత్ర మీద రాసిన పుస్తకంలో ఈ కథని ప్రస్తావించాడు. కొమ్మని చూసి చెట్టంతా అంచనా కట్టడాన్ని ఇప్పుడు శాంపిలింగ్ అంటున్నాం. జూదానికీ శాంపిలింగుకీ బంధుత్వం ఉందని మనవాళ్ళకి అంత ముందే తోచిందన్నమాట.

నలుడు ఆ విద్యతో తిరిగి ఆడి, గెలిచి, ఆట ఆపేశాడు. బృహదశ్వుడు ఈ కథ చెప్పాక అదే విద్య ధర్మరాజుకీ ఇస్తాడు. అప్పుడేమైంది? అక్షహృదయం తెలిసిన ధర్మరాజు కంకుభట్టు వేషంలో విరాటుడి దగ్గర జూదం తోడుగా కుదురుతాడు. ఒకరోజు మాట నచ్చక విరాటుడు పాచికలతో ఆయన ముఖం మీద కొడతాడు, రక్తం కారుతుంది. ఆ దెబ్బని ఏ విద్యా ఆపలేదు. ఎంత నేర్పున్నా, ఆట ఎవరి ఇంట్లో జరుగుతోందన్నది దానికంటే పెద్ద సంగతి.

గంటకింత

నా తరానికి మొదటి వీడియో గేములు నింటెండో పేరు లేని నింటెండోలు. జపాన్ ఫ్యామికామ్‌కి నకళ్ళుగా తయారైన డబ్బాలు, లావుపాటి పసుపు క్యాసెట్లు. వాటి మీద వందల గేములున్నట్టు రాసుండేది, తెరిస్తే అవే పది పేర్లు మార్చుకుని వచ్చేవి. చిన్న ఊళ్ళలో ఇంట్లో కొనగలిగినవాళ్ళు తక్కువ. టీవీ పెట్టి గంటకి ఇంత అని ఆడించే షాపులుండేవి. మారియో (1985), కాంట్రా (1987) మాకు అక్కడే పరిచయం.

మారియోలో అదృష్టం దాదాపు లేదు. తాబేలు ప్రతిసారీ అదే చోటునుంచి వస్తుంది, గొయ్యి అక్కడే ఉంటుంది. చచ్చి చచ్చి బట్టీపట్టడమే నేర్పు. పులి-మేక వైపు చివర ఉండే ఆట అది. కాంట్రాలో మూడు ప్రాణాల బదులు ముప్ఫై ప్రాణాలొచ్చే మీటల వరస ఒకటుండేది: పైకి పైకి, కిందకి కిందకి, ఎడమ కుడి, ఎడమ కుడి... అది తెలిసినవాడికి షాపులో ఋతుపర్ణుడికున్నంత మర్యాద.

ఆ షాపు యజమాని గురించి ఇప్పుడాలోచిస్తే ఒక సంగతి తోస్తుంది. మేం గెలిచినా ఓడినా ఆయనకి ఒకటే. ఆయన అమ్మింది గంట. గంట కాగానే ‘లెయ్యండ్రా అబ్బయా’ అనేవాడు. ఆటకి ఒక అంచు ఉండేది. అంచు గీసేవాడికి మా ఓటమి మీద ఆశ లేదు.

ఫోను వచ్చాక ఆ అంచు పోయింది. పబ్జీనే తీసుకోండి. ఆటగా అది బాగుంటుందని ఇప్పటికీ నా అభిప్రాయం. ఎక్కడ దిగాలి, ఎప్పుడు దాక్కోవాలి అన్నది నేర్పు. ఏ ఇంట్లో ఏ తుపాకి దొరుకుతుంది, వలయం ఎటు ముడుచుకుంటుంది అన్నది అదృష్టం. అష్టాచెమ్మా లాంటి పాళ్ళే. కానీ ఆట పక్కనే క్రేట్లు అమ్ముతారు. లోపల ఏ చొక్కా వస్తుందో తెలియకుండా డబ్బు పెట్టి పెట్టె తెరవాలి. ఇలాంటి పెట్టెలు జూదం కిందకే వస్తాయని బెల్జియం 2018లో తేల్చింది. మన ప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న పబ్జీని మరో 117 యాప్‌లతో కలిపి నిషేధించింది గానీ, చెప్పిన కారణం దేశభద్రత. పెట్టె గురించి కాదు. మరుసటి ఏడాది కొత్త పేరుతో ఆట తిరిగొచ్చింది, పెట్టెలతో సహా.

టీవీ సంగతీ అంతే. 2014లో మాటీవీలో నాగార్జున ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ మొదలుపెట్టినప్పుడు మా ఇంట్లో అందరూ కలిసి ఆడేవాళ్ళం. తెలియనిది తెలియదని ఒప్పుకుని డబ్బు తీసుకుని లేచిపోవడం కూడా అందులో ఒక ఎత్తు. లేచిపోయినవాళ్ళకి చప్పట్లు కొట్టడం అలవాటు చేసిన ఆట టీవీలో మరొకటి నాకు గుర్తులేదు. ఆరేడేళ్ళు గడిచేసరికి అదే టీవీలో విరామాల నిండా రమ్మీ యాప్‌ల ప్రకటనలు. 2020 డిసెంబరు నుంచి ఆ ప్రకటనల్లో హెచ్చరిక ఉండాలని ప్రకటనల ప్రమాణాల మండలి నియమం పెట్టింది: డబ్బు నష్టపోవచ్చు, అలవాటైపోవచ్చు, బాధ్యతగా ఆడండి. చదివేవాడు గుక్క తిప్పుకోకుండా చదివేవాడు. మిగతా ప్రకటనంతా నవ్వుతూ గెలిచేవాళ్ళు.

కమీషన్

మా చిన్నాయన కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి గానీ, కర్ణాటక చేసిన నిషేధాన్ని 2022లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. కాబట్టి వాడు చేసింది చట్టప్రకారం నేరం కాదు. ఒక యాప్‌లో ఏడాదిన్నరలో రెండు లక్షల పైచిలుకు పోగొట్టాడు. సంగతి బయటపడ్డాక పండక్కి ఇంటికొచ్చినప్పుడు కూర్చోబెట్టి అడిగాను. వాడు సిగ్గుపడలేదు, వాదించాడు.

‘అన్నా, ఇది లక్కు కాదు, స్కిల్. సుప్రీంకోర్టే చెప్పింది. ఇంకో రెండు నెలలు ఆడితే నాకు పట్టు దొరుకుద్ది.’

పక్కన కూర్చున్న చిన్నాయన అప్పటిదాకా నోరెత్తలేదు. ‘నేను ముప్పయ్యేళ్ళుగా మిరప వేస్తన్నా అబ్బయా, నాకింకా పట్టు దొరకలా’ అన్నాడు.

ఆయన మాట నాకు రెండు రకాలుగా అర్థమైంది. మిరప రైతుకి నేర్పు లేదని ఎవరనగలరు? నారు, ఎరువు, తెగులు, ఎప్పుడు కొయ్యాలి, ఎన్నాళ్ళు ఆరబెట్టాలి, అంతా విద్యే. అయినా బస్తాలు గుంటూరు యార్డుకి చేరేనాటికి రేటెంతుంటుందో ఆయన చేతిలో లేదు. నేర్పూ అదృష్టమూ కలిసిన పనే అదీ. పంట పోయినా, రేటు పడినా, దళారికి ముట్టాల్సింది ముడుతుంది. తేడా ఒక్కటే. మిరప వేయడం మానుకోమంటే ఆయనకి వేరే దారి లేదు.

వాడి ఆట సంగతి లెక్కేసి చూద్దాం. యాప్‌ల వాటా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, మనం 10 శాతం అనుకుందాం. ఆరుగురు తలా 100 రూపాయలు పెట్టి కూర్చున్నారు. 600లో 60 యాప్‌ది, గెలిచినవాడికి 540. ఆరుగురూ సమానమైన ఆటగాళ్ళైతే ఒక్కొక్కడు ఆరు ఆటలకి ఒకటి గెలుస్తాడు. 600 పెట్టి 540 తీసుకుంటాడు. ఎవరూ తప్పు ఆడలేదు, ఎవరూ మోసం చెయ్యలేదు, అయినా అందరూ ఓడిపోయారు. పెట్టింది పెట్టినట్టు తిరిగి రావాలంటేనే నూరింట 17 కాదు, 18, 19 ఆటలు గెలవాలి. అలా గెలిచేవాళ్ళు ఉంటారు. వాళ్ళు గెలిచేది యాప్ దగ్గర కాదు, పట్టు దొరుకుతుందని ఎదురుచూస్తున్న మావాడి దగ్గర. అచ్చంగా అదృష్టం మీద నడిచే ఆటలో చేతగానివాడు కూడా అప్పుడప్పుడూ గెలుస్తాడు. ఆటలో నేర్పు పాలు పెరిగేకొద్దీ చేతగానివాడి జేబు తొందరగా ఖాళీ అవుతుంది. రమ్మీ నేర్పుతో ఆడే ఆట కావడం మావాణ్ణి కాపాడలేదు. అదే ముంచింది.

ఇప్పుడా తీర్పులో రెండో సగం. రమ్మీ నేర్పు ఆట అన్నాక హిదాయతుల్లా అక్కడ ఆపలేదు. డబ్బు పెట్టి ఆడే ఆట మీద ఇంటి యజమానో క్లబ్బో లాభం తీసుకుంటున్నట్టు రుజువైతే నేరం అవుతుందని కూడా అన్నాడు. క్రెసెంట్ క్లబ్బు పేకముక్కలకీ వసతులకీ తీసుకున్న రుసుము మామూలు రుసుమే, లాభానికి సాక్ష్యం లేదు, కాబట్టి వదిలేశారు. రమ్మీ నేర్పు ఆట కావడం ఒక్కటే వాళ్ళని బయటపడెయ్యలేదు.

తర్వాత యాభై ఏళ్ళూ అందరం మొదటి సగాన్నే జపించాం. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం నేర్పు ఆటల్ని మినహాయించింది. నిషేధించాలన్న ప్రభుత్వాలూ, వద్దన్న కంపెనీలూ కోర్టుల్లో ఎక్కువగా కొట్లాడింది నేర్పు పాలెంత, అదృష్టం పాలెంత అన్న దాని మీదే. ముక్కలు ఎవరు పంచుతున్నారు, పంచినందుకు ప్రతి ఆటలో ఎంత తీసుకుంటున్నారు, ఆట ఆగకుండా ఉంటే ఎవరికి మంచిది, ఈ ప్రశ్నలు పక్కకి పోయాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టింది. నేర్పా, అదృష్టమా, రెండూనా అన్న తేడా తీసేసింది. ఆ చట్టం మంచిదా, అతి చేసిందా అన్నది కోర్టులు చూస్తాయి. అసలు ఆ తేడాని పక్కన పెట్టడమైతే సరైనదేనని నా నమ్మకం. కానీ దాని చోట ఏ ప్రశ్న పెట్టాలో కూడా తేలాలి. లేకపోతే రేపు ఇంకో పేరుతో ఇంకో పెట్టె వస్తుంది. అది డబ్బుతో ఆడే ఆట కిందకి రాకపోవచ్చు, చొక్కాలు అమ్మే పెట్టె కావచ్చు.

ఆటల గురించి కబుర్లు చెప్పుకునే నాబోటివాళ్ళం కూడా ఈ పని చెయ్యాలి. ఒక ఆట బాగుందా లేదా చెప్పేటప్పుడు నేర్పెంత, అదృష్టమెంత, బొమ్మలెలా ఉన్నాయి అని రాసి ఊరుకుంటాం. ఇంకో వాక్యం కలపాలి: ఇందులో నేను ఓడితే ఎవరికి లాభం? అష్టాచెమ్మాలో ఎవరికీ లేదు. గంటల షాపులో ఎవరికీ లేదు. క్రెసెంట్ క్లబ్బులో పక్కవాడికి ఉంది, క్లబ్బుకి లేదని కోర్టు నమ్మింది. ఫోనులో ఆడే రమ్మీలో పక్కవాడితో పాటు, ఎప్పుడూ ముక్క ముట్టని మరొకడికి ప్రతి ఆటలోనూ ఉంది. ధృతరాష్ట్రుడికైనా గెలిచామా అని అడగాల్సి వచ్చింది. ఇతనికి అదీ అక్కర్లేదు.